డల్లాస్ నుంచి సియాటిల్‌కి నాలుగు ప్యాలెట్లు: మూడు కొటేషన్లలో ఇంత తేడా ఎందుకు?

శ్రీలత_ఫ్రిస్కో | అక్టోబర్ 14, ఉదయం 9:12

అందరికీ నమస్తే. ఫ్రిస్కోలో లైసెన్సు ఉన్న కమర్షియల్ కిచెన్ తీసుకుని పచ్చళ్లు, పొడులు, చిరుతిళ్లు చేయించి డల్లాస్ చుట్టుపక్కల దుకాణాలకు వేస్తుంటాం. ఇప్పుడు సియాటిల్ దగ్గర బోథెల్‌లో ఒక ఇండియన్ స్టోర్ వాళ్లు పెద్ద ఆర్డర్ ఇచ్చారు. మొత్తం నాలుగు ప్యాలెట్లు (ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తడానికి సరుకు పేర్చే చెక్క పీఠాలు). రెండింట్లో గాజు సీసాల్లో పచ్చళ్లు, రెండింట్లో జంతికలు, చెక్కలు, కారప్పూస. ఇప్పటిదాకా చిన్న డబ్బాలు పార్సిల్‌లో పంపడమే తప్ప ట్రక్ ఫ్రైట్ జోలికి పోలేదు.

మూడు చోట్ల కోట్ (కిరాయి ఎంతవుతుందో కొటేషన్) అడిగాను. సరుకు అదే, దూరం అదే, కానీ ఒకరు చెప్పినదానికి ఇంకొకరు దాదాపు రెట్టింపు చెప్పారు. అన్నిటికన్నా తక్కువ చెప్పినాయన "ఈరోజే కన్ఫర్మ్ చేయండి" అని గంటకో మెసేజ్ పెడుతున్నాడు. టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట నమ్మాలి?

మెంఫిస్_మూర్తి | అక్టోబర్ 14, ఉదయం 10:40

రేటు సంగతి తర్వాత. ముందు ఇవి చెప్పండి. ఒక్కో ప్యాలెట్ పొడవు, వెడల్పు, ఎత్తు ఎంత (చెక్క ప్యాలెట్‌తో కలిపి)? బరువు ఎంత? బోథెల్ స్టోర్‌కి ట్రక్ వెనక్కి వచ్చి ఆనుకునే డాక్ ఉందా? మీ కిచెన్ దగ్గర ఉందా? ఆ మూడు కొటేషన్లలో క్లాస్ అని ఒక అంకె ఉంటుంది, అది ఎంత వేశారు?

ఇవి లేకుండా ఎవరు రేటు చెప్పినా గాలిలో చెప్పినట్టే.

శ్రీలత_ఫ్రిస్కో | అక్టోబర్ 14, ఉదయం 11:25

మూర్తి గారూ, కొలిచి చెబుతున్నాను. నాలుగూ 48 × 40 అంగుళాల మామూలు ప్యాలెట్లే. పచ్చళ్లవి ఎత్తు 50 అంగుళాలు, ఒక్కోటి 900 పౌండ్లు. చిరుతిళ్లవి 72 అంగుళాల ఎత్తు వచ్చాయి, కానీ బరువు 380 పౌండ్లే. మా దగ్గర డాక్ ఉంది. బోథెల్‌లో లేదట, స్ట్రిప్ మాల్‌లో షాపు.

మొదటి కోట్: నాలుగింటికీ క్లాస్ 70. ఇదే అన్నిటికన్నా తక్కువ.
రెండోది: రెండింటికి 70, రెండింటికి 175. లిఫ్ట్‌గేట్ (డాక్ లేనిచోట ప్యాలెట్‌ని కిందికి దించే, బండి వెనక ఉండే పలక) అని విడిగా ఒక చార్జీ. ఇదే ఎక్కువ.
మూడోది: క్లాస్ ఏమీ లేదు, "పార్షియల్" అని రాసి ఒకటే మొత్తం.

మెంఫిస్_మూర్తి | అక్టోబర్ 14, మధ్యాహ్నం 12:05

మీ ప్రశ్నకి జవాబు మీ పోస్టులోనే ఉందండీ.

మీది ఎల్‌టీఎల్ సరుకు. అంటే ట్రక్ మొత్తం మీది కాదు, పదిమంది సరుకుతో కలిసి వెళ్తుంది. 53 అడుగుల ట్రైలర్‌లో నేల మీద మామూలుగా 26 ప్యాలెట్లు పడతాయి. మీ నాలుగూ రెండేసి చొప్పున పెడితే ఎనిమిది అడుగులు. ఆ జాగాకి ఎంత పుచ్చుకోవాలో తేల్చడానికి 50 నుంచి 500 దాకా 18 క్లాసులు ఉన్నాయి. అంకె పెరిగే కొద్దీ పౌండు లెక్కన రేటు పెరుగుతుంది. 2025 జులై నుంచి చాలా సరుకులకి ఈ క్లాస్‌ని సాంద్రతను బట్టే తేలుస్తున్నారు, అంటే ఘనపు అడుగుకి ఎన్ని పౌండ్లు అని.

పచ్చళ్లు: 48 × 40 × 50 గుణిస్తే 96,000. దాన్ని 1,728తో భాగిస్తే 55.5 ఘనపు అడుగులు. 900 పౌండ్లని దాంతో భాగిస్తే 16 చిల్లర. 15 నుంచి 22.5 లోపు అయితే క్లాస్ 70. సరిపోయింది.

జంతికలు: ఎత్తు 72 కాబట్టి సరిగ్గా 80 ఘనపు అడుగులు. 380ని 80తో భాగిస్తే 4.75. నాలుగుకీ ఆరుకీ మధ్య పడితే క్లాస్ 175.

మొదటి కోట్ ఇచ్చినాయన జంతికలకి కూడా పచ్చళ్ల క్లాసే వేశాడు, లిఫ్ట్‌గేట్ అసలు కలపలేదు. తక్కువ రాక ఏమవుతుంది? కానీ టెర్మినల్‌లో (దారిలో సరుకు దింపి వేరే బండికి మార్చే చోట) సరుకు దిగగానే కొలిచే మెషిన్ కింద నుంచి వెళ్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు ఫొటోతో సహా రికార్డవుతాయి. క్లాస్ మారుస్తారు, మార్చినందుకు ఇంకో ఫీజు వేస్తారు. డెలివరీ రోజు డ్రైవర్ లిఫ్ట్‌గేట్ లేని బండితో వస్తే దించలేక తిరిగి వెళ్లిపోతాడు, మళ్లీ డెలివరీకి మళ్లీ చార్జీ. చివరి బిల్లు రెండో కోట్‌ని దాటిపోతుంది.

ఆటోనగర్_ప్రసాద్ | అక్టోబర్ 14, రాత్రి 11:18 (విజయవాడ)

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. మాది విజయవాడ ఆటోనగర్, నాన్నగారి కాలం నుంచి పార్సిల్ ట్రాన్స్‌పోర్ట్. ఇక్కడ లారీ రసీదు మీద "పెయిడ్" లేదా "టూ పే" అని రాస్తాం, బస్తాలు లెక్కపెట్టి ఎక్కిస్తాం, అంతే. అమెరికాలో బిల్ ఆఫ్ లేడింగ్ అంటారని విన్నాను, అది కూడా ఇలాంటి రసీదేనా? దాని మీద క్లాస్ కూడా మనమే రాయాలా?

మెంఫిస్_మూర్తి | అక్టోబర్ 14, మధ్యాహ్నం 1:02

దాదాపు అదేనండీ ప్రసాద్ గారూ. పెయిడ్ అంటే ఇక్కడ ప్రీపెయిడ్, టూ పే అంటే కలెక్ట్. మధ్యవర్తి అయిన బ్రోకర్ కడితే థర్డ్ పార్టీ. క్లాస్, ప్యాలెట్ల లెక్క, బరువు, లిఫ్ట్‌గేట్ కావాలన్న మాట అన్నీ పంపేవాళ్లే రాయాలి. క్యారియర్ (సరుకు మోసే ట్రక్ కంపెనీ) దానిమీద ప్రో నంబర్ స్టిక్కర్ అంటిస్తాడు, సరుకు ఎక్కడుందో ఆ నంబర్‌తోనే తెలుసుకోవాలి. బిల్ ఆఫ్ లేడింగే రసీదు, అదే కాంట్రాక్టు.

నైట్‌షిఫ్ట్_వెంకట్ | అక్టోబర్ 14, మధ్యాహ్నం 2:30

నమస్తే అక్కా. నేను హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ట్రక్కులకి డిస్పాచ్ (లోడ్లు వెతికి రేటు మాట్లాడే పని) చూస్తుంటా. మీకు పగలైతే మాకు డ్యూటీ. మీ మూడో కోట్ గురించి చెప్తా.

పార్షియల్ అంటే తప్పేం కాదు. సగం నిండిన ట్రక్ దొరికితే మీ నాలుగు ప్యాలెట్లు ఎక్కించుకుని టెర్మినళ్లలో దింపి ఎక్కించే గొడవ లేకుండా నేరుగా పోతుంది. గాజు సీసాలకి అదే మేలు. కాకపోతే నాలుగు ప్యాలెట్ల కోసం ఆగే డ్రైవర్ దొరకడమే కష్టం. పార్షియల్ ఎక్కువగా ఆరు, ఎనిమిది ప్యాలెట్ల నుంచి కుదురుతుంది.

అసలు చూడాల్సింది ఏంటంటే ఆ కోట్ ఇచ్చింది క్యారియరా, బ్రోకరా అని. బ్రోకర్‌కి సొంత ట్రక్ ఉండదు. లోడ్ బోర్డ్‌లో (పంపాల్సిన సరుకుల ఆన్‌లైన్ జాబితాలో) పెడతాడు, మాలాంటోళ్లు ఫోన్ చేసి రేటు మాట్లాడతాం. బ్రోకర్ ఉండటం తప్పు కాదు, చట్టప్రకారం 75,000 డాలర్ల పూచీకత్తు బాండ్ పెట్టి లైసెన్స్ తీసుకుంటాడు. తంటా వచ్చేది డబుల్ బ్రోకరింగ్‌తో. లోడ్ తీసుకున్నోడు తను నడపకుండా ఇంకొకడికి తక్కువకి అమ్మేస్తాడు, డబ్బు తీసుకుని మాయమవుతాడు. నిజంగా బండి నడిపినోడికి పైసలు రావు. వాడు మీకో, స్టోర్ వాళ్లకో ఫోన్ చేసి "నా డబ్బులిస్తేనే దించుతా" అంటాడు. మా ఫ్లోర్‌లో ఇలాంటి కాల్స్ విని విని అలవాటైపోయింది.

అందుకని ఎంసీ నంబర్ (లైసెన్స్ నంబర్) అడగండి, యూఎస్‌డాట్ నంబర్ (ప్రభుత్వం ఆ కంపెనీకి ఇచ్చే గుర్తింపు నంబర్) అడగండి. ఫెడరల్ మోటార్ క్యారియర్ సేఫ్టీ విభాగం వాళ్ల సేఫర్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. బండి వచ్చినప్పుడు తలుపు మీద ఉన్న కంపెనీ పేరు, యూఎస్‌డాట్ నంబర్ మీ కాగితం మీద ఉన్నవాటితో కలవకపోతే సరుకు ఎక్కించనేవద్దు. "ఈరోజే కన్ఫర్మ్ చేయండి" అని వెంటపడేవాడిని వదిలేయండి.

శ్రీలత_ఫ్రిస్కో | అక్టోబర్ 14, సాయంత్రం 4:15

వెంకట్, థాంక్స్ తమ్ముడూ. మూడో కోట్ వాళ్ల నంబర్ వేసి చూశా. బ్రోకరే, లైసెన్స్ ఉంది. కానీ ఏ క్యారియర్ వస్తాడో లోడ్ రోజు దాకా చెప్పరట.

మొదటి కోట్ ఆయనకి మూర్తి గారి లెక్క పంపి "జంతికలకి 175 కదా" అన్నాను. "అదేం పర్లేదు మేడమ్, ఎవరూ చూడరు" అన్నాడు. ఇక ఆయన్ని పక్కన పెట్టేశా.

లారీ_రమేష్ | అక్టోబర్ 14, రాత్రి 9:50

సొంత ట్రక్ అండీ నాది, ఉండేది శాక్రమెంటో దగ్గర. ఈ రూటు తెలుసు కాబట్టి చెబుతున్నా. డల్లాస్ నుంచి సియాటిల్ సుమారు 2,100 మైళ్లు. హైవే 287 పట్టుకుని అమరిల్లో, అక్కడి నుంచి రాటన్ మీదుగా ఐ-25 ఎక్కి డెన్వర్, పైకి లారమీ. ఐ-80లో వయోమింగ్ దాటి యూటాలో ఐ-84, బోయిసీ, పెండల్‌టన్. తర్వాత ఐ-82లో యాకిమా, చివరికి ఐ-90 మీద స్నోక్వాల్మీ పాస్ దాటి సియాటిల్.

ఒక్క డ్రైవర్ అయితే రోజుకి 11 గంటలు మించి నడపకూడదు, అదీ డ్యూటీ మొదలెట్టిన 14 గంటల లోపు. ఆ తర్వాత 10 గంటల రెస్టు. ఎలక్ట్రానిక్ లాగ్ వచ్చాక దాచిపెట్టడానికి లేదు. నేరుగా వెళ్తే నాలుగు రోజులు. ఎల్‌టీఎల్ అయితే టెర్మినళ్లలో ఆగుతుంది కాబట్టి వారం అనుకోండి. "మూడు రోజుల్లో పక్కా" అని ఎవరైనా అంటే ఇద్దరు డ్రైవర్లున్నారా అని అడగండి.

ఇక చలికాలం. వయోమింగ్‌లో లారమీకీ రాలిన్స్‌కీ మధ్య, ముఖ్యంగా ఎల్క్ మౌంటెన్ దగ్గర గాలి మామూలుగా ఉండదు. ట్రైలర్ తేలిగ్గా ఉంటే పక్కకి పడిపోతుందని తేలిక బండ్లని ఆపేస్తారు. బరువైన లోడ్‌తో నేను వెళ్లిపోతుంటే ఖాళీ ట్రైలర్ల వాళ్లు లారమీలో వరసగా ఆగి ఉండేవాళ్లు. పెండల్‌టన్‌కి ముందు కేబేజ్ హిల్ ఇంకోటి. ఆరు మైళ్లలో రెండు వేల అడుగులు దిగాలి, మధ్యలో హెయిర్‌పిన్ మలుపులు. అక్కడ బ్రేకులు తొక్కుతూ పోతే కాలిపోతాయి. పైనే గేర్ తగ్గించి, ఇంజన్ బ్రేక్ మీద మెల్లగా దిగాలి. పొగమంచు ఉంటే ముందు బండి లైటు కూడా కనబడదు. వాషింగ్టన్ రాష్ట్రంలో నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 దాకా పెద్ద బండ్లలో మంచులో టైర్లకి కట్టే చైన్లు ఉండి తీరాలి.

ఇదంతా ఎందుకంటే, స్టోర్ వాళ్లకి ఫలానా తేదీ అని మాటివ్వకండి. రెండు మూడు రోజులు అటూ ఇటూ పెట్టుకోండి.

శ్రీలత_ఫ్రిస్కో | అక్టోబర్ 15, ఉదయం 8:30

రమేష్ గారూ, చలి మాట తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. సీసాలు పగులుతాయా?

లారీ_రమేష్ | అక్టోబర్ 15, ఉదయం 8:55

పచ్చడి గురించి మీకే తెలియాలండీ. నీళ్ల సరుకైతే గడ్డకట్టి పగులుతుంది. ఎల్‌టీఎల్ కంపెనీలు కొన్ని చలికాలంలో "ప్రొటెక్ట్ ఫ్రమ్ ఫ్రీజింగ్" (గడ్డకట్టకుండా కాపాడే) సర్వీస్ ఇస్తాయి, డబ్బు ఎక్కువ. శుక్రవారం ఎక్కించకండి, శని ఆదివారాలు టెర్మినల్ యార్డులో చలికి పడి ఉంటుంది.

కెంట్_కిరణ్ | అక్టోబర్ 15, ఉదయం 9:40

నేను సియాటిల్ కింద కెంట్‌లో గిడ్డంగిలో పనిచేస్తా. పచ్చళ్లలో ఉప్పు, నూనె ఎక్కువ కాబట్టి పగలడం అరుదు. నూనె గడ్డకట్టడమే సమస్య. వేరుశెనగ నూనె రెండు మూడు డిగ్రీల సెల్సియస్ దగ్గరే పేరుకుంటుంది, నువ్వుల నూనె సున్నా కిందికి వెళ్తే గానీ పేరుకోదు. తెల్లగా పేరుకున్న సీసాలు చూసి ఇక్కడి స్టోర్ వాళ్లు "బూజు పట్టింది" అని వెనక్కి పంపబోయారు ఒకసారి. గదిలో పెట్టి మర్నాడు చూస్తే మామూలే. స్టోర్ వాళ్లకి ముందే చెప్పి పెట్టండి.

పగిలేది చలికి కాదు, ఫోర్క్‌లిఫ్ట్ వల్ల. డబ్బాలు ప్యాలెట్ అంచు దాటి బయటికి రాకూడదు. నాలుగు మూలలకీ అట్ట యాంగిల్స్ పెట్టండి. ప్లాస్టిక్ చుట్టేటప్పుడు డబ్బాలతో పాటు చెక్క ప్యాలెట్‌ని కూడా కలిపి చుట్టాలి, లేకపోతే సరుకు మొత్తం ప్యాలెట్ మీద నుంచి జారుతుంది. మీద ఇంకో ప్యాలెట్ పెట్టకుండా పైన అట్ట కోన్ పెట్టండి. లేబుల్ నాలుగు పక్కలా.

హైవే_హరి | అక్టోబర్ 15, ఉదయం 10:15

ఇంత తలనొప్పి ఎందుకు? 26 అడుగుల ట్రక్ అద్దెకి తీసుకుని ఇద్దరు కుర్రాళ్లు తోలుకుపోతే అయిపోద్ది కదా. సీడీఎల్ (పెద్ద ట్రక్కులు తోలే లైసెన్స్) కూడా అక్కర్లేదు.

మెంఫిస్_మూర్తి | అక్టోబర్ 15, ఉదయం 10:50

సీడీఎల్ అక్కర్లేదు, నిజమే. కానీ వ్యాపారం సరుకుతో రాష్ట్రం దాటుతుంటే, బండి రేటెడ్ బరువు (సరుకుతో కలిపి గరిష్ఠ బరువు) 10,001 పౌండ్లు ఆపైన ఉంటే, సొంత సరుకైనా యూఎస్‌డాట్ నంబర్ కావాలి. డ్రైవర్‌కి మెడికల్ కార్డ్ కావాలి. రమేష్ గారు చెప్పిన గంటల లెక్కా వర్తిస్తుంది. తిరుగు ప్రయాణం ఖాళీ, డీజిల్ మీది. నవంబర్‌లో కేబేజ్ హిల్ మీద అద్దె ట్రక్‌తో ఇద్దరు కుర్రాళ్లు... వద్దు హరీ.

హైవే_హరి | అక్టోబర్ 15, ఉదయం 10:58

సరే సరే, వెనక్కి తీసుకుంటున్నా 😄

నైట్‌షిఫ్ట్_వెంకట్ | అక్టోబర్ 15, మధ్యాహ్నం 1:20

రేటు గురించి ఇంకో ముక్క. ఏ ఊరికైనా పోయే రేటు, ఆ ఊరి నుంచి తిరిగొచ్చే లోడ్‌ని బట్టి ఉంటది. ఇప్పుడు వాషింగ్టన్‌లో యాపిల్ కోత నడుస్తుంది, యాకిమా, వెనాచీ వైపు రీఫర్ (లోపల ఉష్ణోగ్రత అదుపులో ఉంచే) బండ్లకి డిమాండ్. అందుకని రీఫర్ డ్రైవర్లు అటు పోవడానికి కొంచెం తక్కువకైనా ఒప్పుకుంటరు, వెనక్కి మంచి లోడ్ దొరుకుతది కదా. అక్కా, ముందు ముందు మీ ఆర్డర్లు ఎనిమిది పది ప్యాలెట్లైతే ఈ సీజన్‌లో రీఫర్ పార్షియల్ అడగండి, చలి బాధ కూడా పోతది. నాలుగు ప్యాలెట్లకి మాత్రం ఎల్‌టీఎల్లే.

సుధ_ఎడిసన్ | అక్టోబర్ 15, మధ్యాహ్నం 3:05

టాపిక్ మారుస్తున్నానేమో. మేం న్యూజెర్సీ నుంచి డల్లాస్ మారుతున్నాం. ఇంటి సామాను కూడా ఇలాగే పంపొచ్చా?

మెంఫిస్_మూర్తి | అక్టోబర్ 15, మధ్యాహ్నం 3:40

ఇంటి సామానుకి రూల్స్ వేరమ్మా. విడిగా థ్రెడ్ వేయండి. ఇప్పటికి మూడు మాటలు. మూవర్ బైండింగ్ ఎస్టిమేట్ (చెప్పిన మొత్తానికే కట్టుబడే అంచనా) ఇస్తున్నాడా, నాన్ బైండింగా అన్నది రాతలో తీసుకోండి. నాన్ బైండింగ్ అయితే డెలివరీ రోజున ఎస్టిమేట్‌లో 110 శాతం దాకా అడగొచ్చు, అంతకు మించి అక్కడికక్కడ కట్టమని సామాను ఆపకూడదు. అదనపు డబ్బు లేకుండా వచ్చే కవరేజీ పౌండుకి 60 సెంట్లే, అంటే 40 పౌండ్ల టీవీ పగిలితే 24 డాలర్లు. ముందే పెద్ద డిపాజిట్ అడిగేవాళ్ల దగ్గరికి పోవద్దు.

శ్రీలత_ఫ్రిస్కో | అక్టోబర్ 16, ఉదయం 9:05

రెండో కోట్ వాళ్లతో వెళ్దామని అనుకుంటున్నా. ఒక అనుమానం. చిరుతిళ్ల ప్యాలెట్లని ఏమైనా చేసి క్లాస్ తగ్గించొచ్చా? ఇంకోటి, దారిలో పగిలితే పూర్తి డబ్బు వస్తుందా?

మెంఫిస్_మూర్తి | అక్టోబర్ 16, ఉదయం 9:50

తగ్గించొచ్చు, న్యాయంగానే. మీ జంతికల ప్యాకెట్లు అట్టపెట్టెలో ఎంత ఖాళీతో ఉన్నాయో చూడండి. పెట్టె సైజు తగ్గించి అదే 380 పౌండ్లు 56 అంగుళాల ఎత్తులో కడితే ఘనపు అడుగులు 62, సాంద్రత ఆరు దాటుతుంది. అప్పుడు క్లాస్ 125. గాలికి కిరాయి కట్టడం మానేసినట్టే. కానీ ఒక అరంగుళం తేడాలో క్లాస్ హద్దు మీద నిలబడకండి, ప్లాస్టిక్ చుట్టు ఉబ్బితే సాంద్రత తగ్గి మళ్లీ 175లో పడతారు.

పగిలితే: కార్మాక్ చట్టం అని 1906 నాటిది, రాష్ట్రాలు దాటే సరుకుకి క్యారియరే బాధ్యుడు. కానీ క్యారియర్ తన టారిఫ్‌లో (రేట్లు, షరతులు రాసిన కాగితంలో) క్లాస్‌ని బట్టి పౌండుకి ఇంతే అని పరిమితి పెట్టుకుంటాడు. ఆ కాగితం అడిగి చదవండి. సీసా ఖరీదు ఆ పరిమితి కన్నా ఎక్కువైతే విడిగా కార్గో ఇన్సూరెన్స్ తీసుకోండి.

అంతకన్నా ముఖ్యం డెలివరీ రోజు సంతకం. స్టోర్ వాళ్లు ప్యాలెట్ చుట్టూ తిరిగి చూడాలి. ప్లాస్టిక్ చిరిగినా, నూనె మరక కనిపించినా, డ్రైవర్ తొందరపెట్టినా సరే, డెలివరీ రసీదు మీద "రెండు పెట్టెలు నలిగాయి, నూనె కారింది" అని స్పష్టంగా రాసి, ఫొటో తీసి, అప్పుడు సంతకం పెట్టాలి. "తర్వాత చూస్తాం" అన్న రాతకి విలువ లేదు. విప్పాక బయటపడిన నష్టమైతే ఐదు పనిదినాల్లో చెప్పాలి. క్లెయిమ్ వేయడానికి తొమ్మిది నెలలు ఉంటుంది గానీ అంతవరకు ఆగడం ఎందుకు?

ఆటోనగర్_ప్రసాద్ | అక్టోబర్ 16, ఉదయం 10:20

మూర్తి గారూ, కంపెనీయే మూతపడితే? ఇక్కడ అలాంటివి చూశాం.

మెంఫిస్_మూర్తి | అక్టోబర్ 16, ఉదయం 11:10

అక్కడే కాదు, ఇక్కడా జరిగింది. ఎల్లో అనే కంపెనీ, 1924లో మొదలైంది, ఎల్‌టీఎల్‌లో దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. 2023 జులై చివర్లో ఒక్కసారిగా మూసేశారు, దాదాపు 30,000 మంది ఉద్యోగాలు పోయాయి. ఆ వారం మా డాక్ దగ్గర మిగతా కంపెనీలు కొత్త సరుకు తీసుకోవడానికే ఒప్పుకోలేదు, రేట్లు ఒక్క ఊపున పెరిగాయి. కంపెనీ బాగోలేదని వార్తలు వస్తుంటే సరుకు దానికి ఇవ్వకపోవడమే చేయగలిగింది.

శ్రీలత_ఫ్రిస్కో | అక్టోబర్ 16, సాయంత్రం 6:45

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మా అమ్మాయి, నేను కూర్చుని చిన్న పెట్టెల్లో సర్ది చూశాం. 54 అంగుళాలకి దిగింది. కొత్త కొలతలతో రెండో కోట్ వాళ్లు రేటు తగ్గించి పంపారు. లిఫ్ట్‌గేట్, డెలివరీకి ముందు ఫోన్ రెండూ కోట్‌లోనే ఉన్నాయి. సోమవారం పికప్.

కెంట్_కిరణ్ | అక్టోబర్ 16, రాత్రి 8:10

54 అంటే క్లాస్ 125 ఖాయం. ఒక్కటి అడగండి స్టోర్ వాళ్లని: షాపు ముందు 53 అడుగుల బండి తిరగడానికి జాగా ఉందా? బోథెల్ స్ట్రిప్ మాల్స్‌లో చాలావాటికి ఉండదు. లేకపోతే బుకింగ్‌లోనే చిన్న బండి కావాలని రాయించండి. లిఫ్ట్‌గేట్ ప్యాలెట్‌ని నేల మీదకి దించుతుంది అంతే, లోపలికి తీసుకెళ్లడం డ్రైవర్ పని కాదు. వాళ్ల దగ్గర ప్యాలెట్ జాక్ (ప్యాలెట్‌ని ఎత్తి లాక్కెళ్లే చేతి బండి) ఉండాలి.

శ్రీలత_ఫ్రిస్కో | అక్టోబర్ 16, రాత్రి 8:32

ఇప్పుడే ఫోన్ చేశా. జాక్ లేదట, పక్కన టైల్స్ షాపు వాళ్ల దగ్గర ఉందట, అడిగి తెచ్చుకుంటామన్నారు. జాగా సంగతి రేపు కొలిచి చెబుతారు.